ఫ్లాటుకు లక్ష అడిగిన నోటీసు: 40 ఫ్లాట్ల బ్లాకులో మెయింటెనెన్స్, మేజర్ రిపేర్ల లెక్క

హైదరాబాద్‌లో స్టిల్ట్ (కార్లు పెట్టుకునే కింది ఖాళీ అంతస్తు) మీద ఐదంతస్తుల బ్లాకు. 2006లో ఫ్లాట్లు అప్పగించారు. అంతస్తుకు ఎనిమిది చొప్పున మొత్తం 40: డబుల్ బెడ్‌రూమ్‌లు 25, ఒక్కొక్కటి 1,050 చదరపు అడుగులు, ట్రిపుల్ బెడ్‌రూమ్‌లు 15, ఒక్కొక్కటి 1,450. అంతా కలిపి 48,000 అడుగులు. రెండు లిఫ్టులు, ఒక జనరేటర్, స్టిల్ట్‌లో సంప్, రెండు బోర్లు. 2024లో అసోసియేషన్ ఫ్లాటుకు లక్ష దాకా కట్టమని నోటీసు పెట్టగానే గొడవ మొదలైంది. ఇలాంటి బ్లాకుల్లో మళ్లీ మళ్లీ ఎదురయ్యేవాటిని ఒకచోట చేర్చి, కొలతలు గుండ్రం చేసి రాసిన నమూనా కేసు ఇది. రేట్లు ఈ లెక్క వరకే. మీ బ్లాకుకు కొటేషన్లు మీరు తీసుకోవాల్సిందే.

నెలకు 2,000: అది ఎటు పోయింది

పెద్దదైనా చిన్నదైనా ఫ్లాటుకు 2,000 చొప్పున నెలకు 80,000 వసూలు. ఖర్చు చూడండి: వాచ్‌మెన్ 15,000, ఊడ్చే మనిషికి 9,000, కామన్ కరెంటు బిల్లు 19,000, రెండు లిఫ్టుల ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) 9,000, జనరేటర్ డీజిల్, సర్వీసు 5,000, నీటి బిల్లు 8,000, చెత్త బండికి 4,000, మోటారు, ప్లంబింగ్ చిల్లర పనులు 6,000. కలిపితే 75,000. మిగిలేది నెలకు 5,000, ఏడాదికి 60,000. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వచ్చే ట్యాంకర్లు దాన్ని తాగేస్తాయి. (నగరంలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం ఉంది. ఆధార్ లింక్ చేయని ఫ్లాట్ల వాటా నీటికి మాత్రం బిల్లు పడుతుంది. ఆ బిల్లు అందరి నెత్తినా పడుతోందని ఈ బ్లాకులో చాలా ఆలస్యంగా తెలిసింది.)

అంటే ఆ 2,000లో బిల్డింగ్ అరుగుదలకంటూ ఒక్క రూపాయి లేదు. పైపు, పెయింటు, టెర్రేస్ పొర, లిఫ్ట్ రోప్ అన్నీ రోజూ అరుగుతూనే ఉంటాయి. ఆ అరుగుదలకు బిల్లు రాదు కాబట్టి అది ఎవరి లెక్కలోనూ లేదు.

అప్పగించేటప్పుడు బిల్డర్ ఫ్లాటుకు 20,000 చొప్పున 8 లక్షల కార్పస్ (మూలనిధి) ఇచ్చాడు. దాని మీద వచ్చే వడ్డీని కమిటీలు నెల ఖర్చుల్లో కలిపేశాయి, మధ్యలో ఒక మోటారుకు అసలు కూడా తీశాయి. 2024కు మిగిలింది 6.4 లక్షలు. 7 శాతం వడ్డీతో ముట్టకుండా వదిలి ఉంటే పన్నుకు ముందు లెక్కలో 18 ఏళ్లకు 27 లక్షలు అయ్యేది. పన్ను సంగతీ కమిటీలకు తెలియదు. సభ్యుల దగ్గర వసూలు చేసేదానికి పరస్పరత సూత్రం (సభ్యులు తమ కోసం తామే పోగేసుకున్న సొమ్ము ఆదాయం కాదు, పన్ను పడదు అనేది) వర్తిస్తుంది గానీ బ్యాంకు ఇచ్చే వడ్డీకి వర్తించదని 2013లో బెంగళూరు క్లబ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎఫ్‌డీ వడ్డీ చూపించకుండా రిటర్న్ వేసిన అసోసియేషన్లకు ఇప్పటికీ నోటీసులు వస్తుంటాయి.

మొదటి కొటేషన్ ఎందుకు పనికిరాలేదు

కమిటీ మొదట పిలిచింది పెయింటింగ్ కాంట్రాక్టర్‌ని. 14 లక్షలకు "పగుళ్లు పూడ్చి, వాటర్‌ప్రూఫ్ పెయింట్, పదేళ్ల వారంటీ" అన్నాడు. చాలా బ్లాకుల్లో ఇక్కడే సొమ్ము నీళ్లపాలవుతుంది. చెమ్మ గోడ లోపలి నుంచి వస్తుంటే బయట రబ్బరులాంటి పొర వేయడం వల్ల తడి బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. రెండు వానాకాలాలకు పెయింటు బుడగలు లేస్తుంది. కాంట్రాక్టర్ వచ్చి "ఇది గోడ లోపలి సమస్య అండీ, వారంటీలోకి రాదు" అంటాడు. ఆ మాట అబద్ధమేమీ కాదు.

కాబట్టి ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకోవాలి. దానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, రెండు వారాలు నోట్‌బుక్‌లో రాసుకునే ఓపిక ఉంటే చాలు. చుక్క పగలూ రాత్రీ ఒకేలా పడుతుంటే అది నీళ్లొచ్చే లైను. పై ఫ్లాటు వాల్వు కట్టేసి కొన్ని గంటలు చూస్తే తేలిపోతుంది. ఫ్లష్ కొట్టినప్పుడే పడుతుంటే డక్ట్ (పైపులు నిలువుగా దిగే సందు)లోని డ్రైనేజీ పైపు. స్నానాలయ్యాక రెండు మూడు గంటలకు మొదలై మధ్యాహ్నానికి ఆగిపోతుంటే బాత్‌రూమ్ సంకెన్ స్లాబ్‌లో (పైపుల కోసం కిందికి దించి కట్టిన స్లాబ్) నీళ్లు నిలిచినట్టు. నహాని ట్రాప్‌లో (బాత్‌రూమ్ నేల మీద నీళ్లు పోయే జాలీ) రంగు నీళ్లు పోస్తే కింద అదే రంగు దిగుతుంది. వానలప్పుడు మాత్రమే వస్తుంటే టెర్రేస్, పిట్టగోడ లేదా సన్‌షేడ్ పైమూల.

ఖర్చు ఎవరిదన్న తగువు కూడా ఈ నోట్‌బుక్‌తోనే తీరుతుంది. ఇక్కడ జనరల్ బాడీ గీసిన గీత ఇది: డక్ట్‌లోని నిలువు పైపు, దాని టీ జాయింట్ (ఫ్లాటు పైపు వచ్చి కలిసే చోటు) దాకా అసోసియేషన్‌ది, టీ దాటాక ఫ్లాటు లోపలి పైపు, ట్రాప్, బాత్‌రూమ్ ఫ్లోరింగ్ కింది వాటర్‌ప్రూఫింగ్ ఆ ఓనర్‌ది. చుక్క పడుతున్న 11 చోట్లలో నాలుగు ఓనర్ల ఖాతాలోకి పోయాయి. ఈ గీత ముందే గీయకుండా పని మొదలుపెడితే, పక్కవాళ్ల టైల్స్ ఖర్చు కూడా మేమే మోస్తున్నామా అని మూడో అంతస్తు నుంచి మొదలై వాట్సాప్ గ్రూపంతా అంటుకుంటుంది.

స్టిల్ట్ కాలమ్ దగ్గర

సంప్‌కు ఆనుకున్న ఏడు కాలమ్‌ల అడుగున పెచ్చులు ఊడుతున్నాయి. కార్లు కడిగే నీళ్లు, సంప్ పొంగిన నీళ్లు ఏళ్లుగా అక్కడే నిలిచాయి. స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిచి చేయించిన పరీక్షల్లో అందరికీ కళ్లకు కట్టింది ఫినాఫ్తలీన్. కాలమ్ మూల కొద్దిగా కొట్టి, అప్పుడే బయటపడిన కాంక్రీట్ మీద ఆ ద్రవం చల్లుతారు. క్షారగుణం ఉన్నచోట కాంక్రీట్ ముదురు గులాబీ రంగు తిరుగుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చొరబడి ఆ గుణం పోయినచోట రంగే రాదు. ఇక్కడ పైనుంచి 30 మిల్లీమీటర్ల దాకా రంగు రాలేదు. చువ్వ మీద కవర్ (కాంక్రీట్ పొర) ఉన్నది 22 మిల్లీమీటర్లే. కాంక్రీట్ కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కాలమ్‌కు 40 ఉండాలి. అంటే చువ్వ రక్షణ పొర దాటి బయట నిలబడి ఉంది. చువ్వకు తుప్పు పడుతోందా అని చూసే హాఫ్ సెల్ పరీక్ష రీడింగు మైనస్ 380 మిల్లీవోల్టులు వచ్చింది. మైనస్ 350 దాటితే తుప్పు పడుతున్నట్టు దాదాపు ఖాయం. ఐదు మీటర్ల అవతల పొడిగా ఉన్న కాలమ్‌లో అదే కట్టడం, అదే వయసు. రీడింగు మైనస్ 180. తేడా చేసింది నీళ్లే.

అంతకుముందు ఒక మేస్త్రీ ఆ పెచ్చుల మీద మామూలు సిమెంటు మాలు మెత్తి వెళ్లాడు. ఏడాదికి అతుకు చుట్టూ కొత్త పగులు వచ్చింది. చువ్వలో కొంత భాగం కొత్త క్షారపు మాలులో, మిగతాది పాత కాంక్రీట్‌లో ఉంటే రెంటి మధ్య బ్యాటరీలాంటిది తయారై, అతుకు అంచున తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. అందుకే పద్ధతి ఇలా ఉండాలి. ముందు బీముల కింద జాకీలు పెట్టాలి. సుత్తితో తట్టి బోలు శబ్దం వచ్చినంత మేరా గీత గీసి, అంచును కటింగ్ మెషిన్‌తో 10 మిల్లీమీటర్ల లోతు నిటారుగా కోయాలి; అంచు పలచగా సాగితే మాలు అక్కడే లేస్తుంది. చువ్వ వెనకకు కనీసం 20 మిల్లీమీటర్లు ఖాళీ వచ్చేదాకా కాంక్రీట్ కొట్టాలి. ఈ మెట్టు దగ్గరే కూలీలు మోసం చేస్తారు, చువ్వ ముందు భాగం మాత్రమే తోమి రంగు పూస్తారు. చువ్వ చుట్టూ వేలు తిరిగితేనే బిల్లు పాస్ చేయాలి. తుప్పు గీకి మెరుపు రాగానే, అదే రోజు జింక్ ప్రైమర్. చువ్వ మందం నాలుగో వంతు దాకా తగ్గినచోట ఇంజనీర్ చెప్పిన పొడవుతో కొత్త చువ్వ జత చేయాలి. ఆ తర్వాత కాలమ్‌లకు షట్టరింగ్ (అచ్చు పలకలు) బిగించి మైక్రో కాంక్రీట్ (సందుల్లోకి పారే సన్న కంకర కాంక్రీట్), స్లాబ్ కింది వైపుకు బాండింగ్ కోటు (పాతదానికి అతికించే పూత) ఆరకముందే పాలిమర్ మాలు, పొర పొరగా. ఏడు రోజులు క్యూరింగ్. బస్తా మీద రాసిన నీళ్ల కొలతకు ఒక్క మగ్గు ఎక్కువ పోసినా బలం పడిపోతుంది. కొలత డబ్బా సైట్‌లో లేకపోతే పని ఆపేయడం మంచిది.

టెర్రేస్: డబ్బాలు లెక్కపెట్టండి

టెర్రేస్ 8,800 అడుగులు, 818 చదరపు మీటర్లు. పాత వెదరింగ్ కోర్సు (ఎండావానల నుంచి స్లాబ్‌ను కాచే పొర) నాలుగు అంగుళాలు. దాన్ని తీయకుండా పైనే ఇంకో పొర వేస్తామని ఇద్దరు కాంట్రాక్టర్లు తక్కువకు వచ్చారు. పాత పొర ఒక్కటే 82 ఘనపు మీటర్లు, దాదాపు 147 టన్నులు. తడిసిన ఆ బరువు మీద ఇంకో బరువు ఎక్కించడం తెలివైన పని కాదు. పైగా నీళ్లు ఆ పొరలోనే నిలిచి ఉన్నాయి కాబట్టి ఎండకు ఆవిరై కొత్త మెంబ్రేన్‌ను (నీళ్లు దిగనివ్వని పొర) పైకి లేపుతాయి. తీసేయాలనే నిర్ణయమే సరైనది.

తీశాక నూటికి ఒకటి చొప్పున వాన పైపు నోటి వైపు వాలు ఇవ్వాలి, పిట్టగోడ మూల గుండ్రంగా తిప్పాలి, మెంబ్రేన్‌ను గోడ మీదికి కనీసం ఒక అడుగు ఎక్కించాలి. అమెరికాలో ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో 2021 జూన్ 24న కూలి 98 మందిని బలిగొన్న చాంప్లైన్ టవర్స్ సౌత్ ఫైలు చదివినవాళ్లకు వాలు సంగతి మరీ గట్టిగా తగులుతుంది. స్విమ్మింగ్ పూల్ డెక్ వాలు లేకుండా చదునుగా కట్టారని, కింది కాంక్రీట్ దెబ్బతింటోందని 2018లోనే ఇంజనీర్ రాసిచ్చాడు. ఆ తర్వాత ఏళ్లు చర్చల్లో గడిచాయి. చివరికి ఒప్పుకున్న కోటిన్నర డాలర్ల రిపేర్ వసూలుకు గడువు కూలిన వారానికి, జూలై 1న మొదలవ్వాల్సి ఉంది.

మెంబ్రేన్‌గా ఎంచుకున్నది పాలీయురేథేన్, ఆరాక 1.5 మిల్లీమీటర్ల మందం. కంపెనీ డేటా షీట్‌లో ఈ మందానికి చదరపు మీటరుకు 2.2 కిలోలు పడుతుందని ఉంటే, 818 మీటర్లకు 1,800 కిలోలు. అంటే 20 కిలోల డబ్బాలు 90. మందం కొలిచే పరికరం లేని కమిటీకి ఇదొక్కటే ఆయుధం: డబ్బాలు సీలుతో వాచ్‌మెన్ గదిలో దించాలి, ఖాళీవి పారేయకుండా 90 లెక్క తేలేదాకా అక్కడే పెట్టాలి. 60 డబ్బాలతో పని "అయిపోయింది" అంటే పొర ఒక మిల్లీమీటరే అన్నమాట. ఒక పూతకూ ఇంకో పూతకూ మధ్య రంగు మారిస్తే, రెండోది ఎక్కడ వేయలేదో కంటికి కూడా కనిపిస్తుంది.

ఆరాక వాన పైపుల నోళ్లు మూసి, రెండంగుళాల నీళ్లు 72 గంటలు నిలబెట్టాలి. టెర్రేస్ అంతా ఒకేసారి కాదు, గట్లు కట్టి భాగాలుగా. ఐదో అంతస్తు ప్రతి గది సీలింగ్ ఫోటో ముందూ తర్వాతా తీసి ఉంచాలి. పరీక్ష నెగ్గాకే పైన స్క్రీడ్ (సిమెంటు పొర); దాన్నీ రెండున్నర మీటర్ల గళ్లుగా వేయాలి, లేకపోతే మే ఎండకు అడ్డదిడ్డంగా నెర్రెలిస్తుంది. ఈ పని డిసెంబర్ నుంచి మార్చి లోపు ముగించేయాలి.

డక్ట్ పైపుల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. పది డక్టులు, ఒక్కోటి 18 మీటర్ల ఎత్తు. మలం, వాడుక నీటి పైపులకు 110 మిల్లీమీటర్ల ఎస్‌డబ్ల్యూఆర్ (డ్రైనేజీకి వాడే పీవీసీ పైపు) టైప్ బి వాడాలి; టైప్ ఎ వెంట్, వాన నీటికి మాత్రమే. కొటేషన్‌లో "ఎస్‌డబ్ల్యూఆర్ పైపు" అని మాత్రమే రాస్తే వచ్చేది టైప్ ఎ.

అంచనా

పరీక్షలు, డిజైన్, పర్యవేక్షణ: 1.60 లక్షలు
డక్ట్ పైపులు, డక్టుకు 60,000: 6.00 లక్షలు
ఏడు కాలమ్‌ల జాకెటింగ్ (చుట్టూ కాంక్రీట్ తొడుగు), ఒక్కోటి 55,000: 3.85 లక్షలు
స్లాబ్ కింది వైపు 1,100 అడుగులు, అడుగుకు 450: 4.95 లక్షలు
టెర్రేస్ 8,800 అడుగులు, అడుగుకు 140: 12.32 లక్షలు
బయటి పెయింటు 32,000 అడుగులు, అడుగుకు 28: 8.96 లక్షలు
పనుల మీద ఊహించని ఖర్చులకు పది శాతం: 3.61 లక్షలు

మొత్తం 41.29 లక్షలు, జీఎస్టీ కాకుండా. కార్పస్‌లోంచి 4 లక్షలు తీసి 2.4 లక్షలు అత్యవసరానికి ఉంచారు. వసూలు చేయాల్సింది 37.29 లక్షలు, అడుగుకు 77.70. పది శాతం మార్జిన్ దండగ అని మీటింగ్‌లో వాదించారు. పెచ్చులు కొట్టేదాకా లోపల ఎంత తిన్నదో ఎవరికీ తెలియదు. స్లాబ్ కింది వైపు 1,100 అడుగులు అనుకున్నది 1,480కి చేరింది. అందుకే గంపగుత్త కాకుండా కొలతల మీద బిల్లు ఇచ్చే కాంట్రాక్టు రాసుకోవాలి, ప్రతి బిల్లులో పది శాతం ఆపి ఒక పూర్తి వానాకాలం దాటాక విడుదల చేయాలి. సొసైటీగా రిజిస్టరైన అసోసియేషన్ కాంట్రాక్టర్‌కు కట్టేటప్పుడు టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయాలి: వ్యక్తి అయితే 1 శాతం, కంపెనీ లేదా భాగస్వామ్య సంస్థ అయితే 2.

జీఎస్టీ భయం

ఏడాది వసూలు 20 లక్షలు దాటి, సభ్యుడు నెలకు 7,500 కంటే ఎక్కువ కడితే 18 శాతం జీఎస్టీ. మామూలుగా ఈ బ్లాకు రెండు హద్దులకూ దూరం. రిపేర్ వసూలుతో రెండూ దాటుతుంది. అందుకని నెలకు 5,500 చొప్పున (మామూలు 2,000తో కలిపి 7,500 దాటకుండా) రెండేళ్లు వసూలు చేద్దామని ప్రతిపాదన వచ్చింది. కాగితం మీద బాగానే ఉంది, కానీ అలాగైతే పైపులూ కాలమ్‌లూ ఈ ఏడాది, టెర్రేస్ వచ్చే ఏడాది అవుతాయి. మధ్యలో ఇంకో వానాకాలం.

లెక్క వేస్తే ఆ భయమే అనవసరం. రిజిస్టర్ కాకపోతే కాంట్రాక్టర్లు వేసే 18 శాతం మన ఖర్చే: 41.29 కాస్తా 48.72 అవుతుంది, కార్పస్ 4 పోగా 44.72 వసూలు చేయాలి. రిజిస్టరై, వాళ్ల జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుని (మనం కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకుని), సభ్యుల మీద 37.29కి 18 శాతం వేస్తే 44 లక్షలు. ఇంచుమించు అంతే, నిజానికి కాస్త తక్కువ. 7,500 దాటిన నెలలో ఆ నెల మామూలు 2,000తో సహా మొత్తం మీద పన్ను అని 2019 జూలైలో కేంద్ర సర్క్యులర్ అంటే, దాటిన భాగం మీదే అని 2021లో మద్రాస్ హైకోర్టు అంది. సర్క్యులర్ ప్రకారమే కట్టినా మూడు వాయిదాలకు కలిపి 43,200 అదనం, అంతే. రెండు షరతులున్నాయి. పనంతా జీఎస్టీ బిల్లు ఇచ్చేవాళ్లతోనే చేయించాలి. రిపేర్‌ను పుస్తకాల్లో ఆస్తిగా చూపకుండా ఖర్చుగా రాయాలి, లేకపోతే క్రెడిట్ ఆగిపోతుంది. ఈ రెండో విషయం పని మొదలు కాకముందే సీఏ చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి.

అడుగు మీదా, ఫ్లాటు మీదా?

అడుగు లెక్కన జీఎస్టీతో డబుల్ బెడ్‌రూమ్‌కు 96,270, ట్రిపుల్‌కు 1,32,945. అందరికీ సమానమైతే 1,10,020. చిన్న ఫ్లాటు మీద 13,750 ఎక్కువ పడుతుంది, పెద్దదానికి 22,925 తగ్గుతుంది. "టెర్రేస్ లీకు పైవాళ్లది, మాకేంటండీ" అని మొదటి అంతస్తు, "స్టిల్ట్ కాలమ్‌లు మా నెత్తిన ఎందుకు" అని ఐదో అంతస్తు. కాలమ్‌లు లేకపోతే ఐదో అంతస్తు ఎక్కడ నిలబడుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. సేల్ డీడ్‌లో ఉన్న అవిభక్త వాటా (స్థలంలో ఒక్కో ఫ్లాటుకు వచ్చే భాగం) విస్తీర్ణం మీదే రాశారు, కాబట్టి భవనానికి పెట్టే ఖర్చు కూడా విస్తీర్ణం మీదే ఉండటం న్యాయం. వాచ్‌మెన్, చెత్త, మెట్ల లైటు లాంటివి ఫ్లాటుకు సమానంగా వాడుకునేవి. అవి ఫ్లాటు లెక్కనే ఉండొచ్చు. రెండూ ఒకే రేటులో కలిపేయడం వల్లే సగం తగాదాలు.

తీర్మానంలో పని జాబితా, అడుగు రేటు, వాయిదాల తేదీలు (40, 30, 30 శాతం), ఆలస్యానికి వడ్డీ, బైలాలో ఉన్న గడువు ప్రకారం నోటీసు ఇచ్చినట్టు సాక్ష్యం ఉండాలి. అద్దెకున్నవాళ్లను అడగకూడదు; ఇది ఓనర్ బాకీ. తొమ్మిది ఫ్లాట్ల ఓనర్లు అమెరికా, దుబాయ్‌లలో ఉన్నారు. వాళ్లకు మీటింగ్ లింకుతో పాటు కాలమ్ ఫోటోలు, పరీక్షల రిపోర్టు మెయిల్ చేయడంతో ఏడుగురు మొదటి వాయిదాలోనే కట్టేశారు. "గ్రూపులో పెట్టాం కదా" అన్న సమాధానం ఎక్కడా నిలబడదు.

ఒక పొరపాటు జరిగింది. పెయింటర్ ఖాళీగా ఉన్నాడని వెనక గోడకు ముందే సారువ కట్టించి రంగు వేయించారు. తర్వాత డక్ట్ పైపులు మార్చేటప్పుడు ఆ గోడకు చిల్లులు పడ్డాయి, మూడు వందల అడుగులు మళ్లీ వేయాల్సి వచ్చింది. వరుస మారకూడదు: పైపులు, కాంక్రీట్, టెర్రేస్, ఒక వాన చూసి ఆ తర్వాత రంగు.

ఆ 44 లక్షలను గడిచిన 18 ఏళ్లకు, అంటే 216 నెలలకు పంచితే డబుల్ బెడ్‌రూమ్‌కు నెలకు 450 లోపే, ట్రిపుల్‌కు 615. ఆ మాట మీటింగ్‌లో చెప్పాకే కొత్త రేటు గట్టెక్కింది: ఖర్చులకు ఫ్లాటుకు 2,000 అలాగే, అదనంగా అడుగుకు 60 పైసలు రిపేర్ ఫండ్. చిన్న ఫ్లాటుకు 2,630, పెద్దదానికి 2,870. ఫండ్‌కు వేరే బ్యాంకు ఖాతా, ముగ్గురి సంతకాల్లో ఇద్దరివి తప్పనిసరి, వడ్డీ అందులోనే ఉండాలి, నెల ఖర్చులకు ముట్టకూడదు. నెలకు 28,800 చేరుతుంది. లిఫ్టులు రెంటికీ కంట్రోలర్, రోపులు, డోర్ సెన్సర్లు మార్చాలి. ఒక్కోదానికి జీఎస్టీతో 5.31 లక్షలు. మొదటి లిఫ్ట్ 19 నెలలకు, రెండోది మరో 18 నెలలకు. అప్పటిదాకా రోప్‌లో తెగిన తీగల లెక్క ప్రతి సర్వీసులో రిజిస్టర్‌లో రాయమని లిఫ్ట్ మెకానిక్‌కు చెప్పి ఉంచారు.